చెరువు పోరాటం నుంచి అసెంబ్లీ దాకా: ఉప్పల్‌లో కొత్త అభ్యర్థిని నిలబెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లచెరువు కట్ట:

అందరికీ నమస్తే. ఉప్పల్, రామంతాపూర్, నాచారం వైపు చెరువుల కబ్జాల మీద, నాలాల మీద పనిచేసే మా బృందం తరఫున అడుగుతున్నాం. ముందుండి నడిపే అక్కకు 34 ఏళ్లు. సమాచార హక్కు దరఖాస్తులు, సోమవారం ప్రజావాణి, చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు ఫిర్యాదులు, అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి. 2028 అసెంబ్లీ ఎన్నికల్లో ఉప్పల్ నుంచి ఆమెను నిలబెట్టాలని మా ఆలోచన.

తెలియక అడుగుతున్నవి ఇవి. నేరుగా ఎమ్మెల్యేకి పోవాలా, ముందు కార్పొరేటర్‌గా చూడాలా? స్వతంత్రంగానా, పార్టీ టికెట్ కోసం తిరగాలా? అక్క ఓటు మల్కాజిగిరి నియోజకవర్గంలో ఉంది, అది అడ్డమా? ధర్నాలప్పుడు పెట్టిన కేసులు రెండున్నాయి. అమెరికాలో ఉన్న బంధువులు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా? ఈ దారి తెలిసినవాళ్లు వివరంగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

బూత్ లెక్క:

మంచి ఆలోచన. ఇంత ముందుగా అడగడం ఇంకా మంచిది. చాలామంది షెడ్యూల్ వచ్చాక లేస్తారు.

ముందు మీ పని ఎన్ని బూత్‌లలో తెలుసో చూసుకోండి. చెరువు కోసం కొట్లాడిన మనిషి పేరు ఆ చెరువు చుట్టూ ఉన్న ఏడెనిమిది కాలనీల్లో మారుమోగుతుంది. అది దాటి మూడు కిలోమీటర్లు పోతే ఆమె ఎవరో తెలియదు. ఉప్పల్ నియోజకవర్గంలో అయిదు లక్షలకు పైగా ఓటర్లున్నారు. హబ్సిగూడ అపార్ట్‌మెంట్లు, చిలుకానగర్ బస్తీలు, చర్లపల్లి, కాప్రా, మల్లాపూర్ పారిశ్రామికవాడ పక్కన కిరాయికి ఉండేవాళ్లు, అందరూ ఇందులోకే వస్తారు. రామంతాపూర్ చెరువు మాట చర్లపల్లిలో ఓటు తెచ్చిపెట్టదు. అక్కడ నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయో, డ్రైనేజీ ఎక్కడ పొంగుతోందో తెలిసినవాళ్లకే తలుపు తీస్తారు.

అందుకని డివిజన్‌తో, అంటే కార్పొరేటర్ ఎన్నికతో, మొదలుపెట్టమనే నా మాట. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లకు పోలింగ్ 46 శాతం చిల్లర. బీఎన్ రెడ్డి నగర్ డివిజన్ 32 ఓట్ల తేడాతో తేలింది. ఒక్క అపార్ట్‌మెంట్ బ్లాక్ కదిలితే ఫలితం మారే ఎన్నిక అది. కార్పొరేటర్‌గా చేసి అసెంబ్లీకి వెళ్లినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు. గోషామహల్ రాజాసింగ్ 2009లో మంగళ్‌హాట్ కార్పొరేటర్, 2014లో ఎమ్మెల్యే. 2012లో మేయర్ అయిన మాజిద్ హుస్సేన్ 2023లో నాంపల్లి ఎమ్మెల్యే అయ్యారు.

ఒక జాగ్రత్త. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపి వార్డులను 300కు పెంచారు. పాత డివిజన్ పటం పట్టుకుని లెక్కలు వేస్తే తప్పుతాయి. కొత్త హద్దుల ప్రకారం మీ కాలనీలు ఎన్ని వార్డుల్లోకి చీలాయో ముందు చూసుకోండి.

ఇక అసలు పని ఓటరు జాబితా. ఎన్నికల సంఘం పోర్టల్‌లో భాగం (బూత్) సంఖ్య ఎంచుకుని పీడీఎఫ్ దించుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. పేజీకి 30 పేర్లు, మూడు వరసల గళ్లు. ప్రతి గడిలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, మూలన ఓటరు కార్డు (ఎపిక్) నంబరు. అది బొమ్మలా ఉంటుంది కాబట్టి అందులో పేరు వెతకలేరు, ప్రింటు తీసి చేతిలో పట్టుకుని ఇంటింటికీ తిరగాల్సిందే. ఒక్కో భాగం మీద మూడు గుర్తులు పెట్టుకోండి: ఇక్కడే ఉన్నవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు. కొత్తవాళ్లకు ఫారం 6, తొలగింపునకు ఫారం 7, చిరునామా మార్పునకూ తప్పుల సవరణకూ ఫారం 8. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండినా నమోదు చేయించుకోవచ్చు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితాలో మార్పు ఉండదు. బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) విచారణకు రోజులు పడతాయి కాబట్టి ఆఖరి వారంలో ఇచ్చిన ఫారాలు చాలావరకు తర్వాతి ఎన్నికకే పనికొస్తాయి.

ఫారం 7 మాత్రం ఊరికే వాడొద్దు. ఎదుటి పక్షం ఓట్లు తీసేయిస్తున్నారనే మచ్చ ఒకసారి పడితే మీ చెరువు పోరాటం మంచిపేరు కూడా కొట్టుకుపోతుంది. పైగా తప్పుడు సమాచారం ఇస్తే కేసు.

ఫారం ఇరవై ఆరు:

అర్హత సంగతి, కాగితాల సంగతి నేను చెప్తాను. కొత్త అభ్యర్థులు ఓట్ల దగ్గర కన్నా ముందు ఇక్కడే ఓడిపోతున్నారు.

అసెంబ్లీకి 25 నిండాలి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. కాబట్టి అక్క ఓటు మల్కాజిగిరిలో ఉన్నా ఉప్పల్‌లో పోటీ చేయవచ్చు. కాకపోతే ఆమె పేరున్న జాబితా పేజీ ధ్రువీకృత ప్రతిని మల్కాజిగిరి ఓటరు నమోదు అధికారి దగ్గర తీసుకుని నామినేషన్‌తో పాటు పెట్టాలి. నిజానికి ఆమె ఉండేది ఉప్పల్ పరిధిలోనే అయితే ఫారం 8తో ఇప్పుడే మార్చుకోవడం మేలు. తన ఓటు తనకే వేసుకోలేని అభ్యర్థి అని ప్రచారంలో అంటారు. అబద్ధం కాదు కాబట్టి జవాబు కష్టం.

నామినేషన్ ఫారం 2బి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రులకు, గుర్తింపు లేని పార్టీలవాళ్లకు పదిమంది కావాలి. ఆ పదిమందీ ఉప్పల్ ఓటర్లే అయి ఉండాలి. ఒక్కొక్కరి భాగం సంఖ్య, వరస సంఖ్య తాజా జాబితాతో సరిపోలాలి. పాత స్లిప్పు చూసి రాస్తే సవరణ తర్వాత వరస మారిపోయి ఉంటుంది. పదిలో ఒక్కటి చెల్లకపోయినా ఆ సెట్ మొత్తం పోతుంది. అందుకే నాలుగు సెట్ల దాకా వేసుకోవచ్చన్న వెసులుబాటును వాడుకోండి, ఒక్కో సెట్‌కు వేరే పదిమందిని పెట్టండి. డిపాజిట్ ఒక్కసారే కట్టాలి: 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. ఒకటి గుర్తుపెట్టుకోండి, వేలిముద్ర వేసే ప్రతిపాదకులుంటే వాళ్లను వెంట తీసుకెళ్లి అధికారి ఎదుటే వేయించాలి. బస్తీల్లో ఇంటి దగ్గరే వేయించుకుని వస్తే చెల్లదు.

ఆస్తులు, ఆదాయం, కేసులు ప్రకటించే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. గీత గీస్తే సరిపోదు. ఖాళీలు నింపమని రిటర్నింగ్ అధికారి (ఆర్వో) నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే పరిశీలనలో తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తనవి, భర్తవి, తన మీద ఆధారపడినవాళ్లవి అయిదేళ్ల ఆదాయపన్ను వివరాలు అడుగుతారు. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండి ఉంటే కరెంటు, నీళ్లు, కిరాయి బకాయి లేదన్న పత్రం కావాలి. అది తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది.

కేసుల మాటకొస్తే ధర్నా కేసు ఉన్నంత మాత్రాన అడ్డం లేదు. చట్టం విడిగా చెప్పిన కొన్ని నేరాలు తప్పిస్తే, రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితేనే అనర్హత. శిక్షాకాలం, ఆపైన మరో ఆరేళ్లు. పెండింగ్‌లో ఉన్న ప్రతి కేసూ పోలీస్ స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లతో సహా రాయాలి. దాస్తే అదే ఇంకో నేరం. ధర్నాలు చేసేవాళ్ల పేరు తమకు తెలియకుండానే ఎఫ్‌ఐఆర్‌లో ‘మరికొందరు’ కింద చేరి ఉండొచ్చు. మీరు ధర్నా చేసిన ప్రతి స్టేషన్ పరిధి జాబితా రాసుకుని, కమిషనరేట్‌కు రాతపూర్వకంగా వివరాలు అడిగి, రసీదు దాచుకోండి.

కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. ఉపసంహరణ గడువు ముగిసిన నాలుగు రోజుల్లో మొదటిది, అయిదు నుంచి ఎనిమిదో రోజు మధ్య రెండోది, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసేలోగా మూడోది. ఆ ఖర్చు అభ్యర్థిదే.

చివరగా ప్రమాణం. నామినేషన్ ఇచ్చాక, పరిశీలన తేదీ రాకముందే ఆర్వో ఎదుట ప్రమాణ స్వీకారం చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఇది మరిచిపోయి తిరస్కరణకు గురైనవాళ్లుంటారు. నామినేషన్లు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. డప్పులతో ఊరేగింపు పెట్టుకుని 2:50కి గేటు దగ్గరికి చేరే పని పెట్టుకోవద్దు. మొదటి రోజో రెండో రోజో ఒక సెట్ నిశ్శబ్దంగా వేసేయండి, ఊరేగింపు రెండో సెట్‌కు పెట్టుకోండి.

నల్లచెరువు కట్ట:

ఇద్దరికీ ధన్యవాదాలు. వేలిముద్ర సంగతి మాకు అసలు తెలియదు. డబ్బు విషయం ఎవరైనా చెప్తారా? మా బృందం సొసైటీగా రిజిస్టరైంది, దానికో బ్యాంకు ఖాతా ఉంది. చందాలు అందులోనే వేసుకుందామని అనుకున్నాం.

పద్దు పుస్తకం:

సొసైటీ ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయొద్దు. విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అయితే ఆ మినహాయింపే పోతుంది, విదేశీ నిధుల అనుమతి ఉంటే ఇంకా పెద్ద చిక్కు. సొసైటీ బ్యానర్, ఆటో, ఆఫీసు, జీతం తీసుకునే మనిషి, ఏదీ ప్రచారానికి వాడకండి. షెడ్యూల్ రాకముందే అక్క సొసైటీ పదవికి రాజీనామా చేయడం శుభ్రంగా ఉంటుంది.

నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసమే కొత్త ఖాతా తెరవాలి, అభ్యర్థి పేర గానీ ఎన్నికల ఏజెంటుతో కలిపి గానీ. కుటుంబసభ్యులతో ఉమ్మడి ఖాతా కుదరదు, ఏజెంటుగా ఉన్న కుటుంబసభ్యుడికైతే మినహాయింపు. సొంత డబ్బయినా, చందా అయినా ముందు అందులోకి రావాలి, అక్కడి నుంచే పోవాలి. ఒక మనిషికి గానీ దుకాణానికి గానీ ప్రచారం మొత్తం మీద 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు. మైకు సెట్ అతను రోజూ 3,000 తీసుకుంటే నాలుగో రోజుకే హద్దు దాటుతారు. మొదటి రోజు నుంచే ఆన్‌లైన్‌లో వేయండి.

అమెరికా డబ్బు గురించి: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపకూడదు. అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోవడం చట్టప్రకారం నిషేధం. బంధువులే కదా అని వదిలేయకండి, ఒక్కొక్కరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి తెలుసుకోండి.

పరిమితి 40 లక్షలు. స్వతంత్ర అభ్యర్థికి అంత చేరేదీ కష్టమే కానీ, లెక్క రాయడం మాత్రం అందరికీ ఒకటే. ఆర్వో ఇచ్చే రిజిస్టర్‌లో మూడు రంగుల కాగితాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెలుపు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు పరిశీలకుడి ముందు పెట్టాలి. అవతల ఎన్నికల అధికారుల బృందాలు వీడియో తీసి మీ ఖర్చుకు విడిగా నీడ రిజిస్టర్ రాస్తుంటాయి. కుర్చీ, టీ, టెంటు, బిర్యానీ పొట్లం, అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ఉంటుంది. మీకు తెలిసినవాళ్లు టెంటు ఉచితంగా వేసినా పట్టిక ధర మీ ఖాతాలో పడుతుంది. ‘ఉచితం’ అని రాసి వదిలేస్తే తేడా వచ్చి నోటీసు వస్తుంది, 48 గంటల్లో జవాబివ్వాలి.

కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు తప్పనిసరి. ప్రతుల సంఖ్య కూడా వేయండి. అవి లేని కట్ట పట్టుబడితే జైలు దాకా పోయే సెక్షన్ ఉంది.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని ఇంట్లో కూర్చుంటే మూడేళ్ల దాకా పోటీకి అనర్హులను చేస్తారు. ఎన్నికల సంఘం ప్రకటించే ఆ జాబితాల్లో ఎక్కువగా కనిపించేది స్వతంత్రుల పేర్లే. రెండోసారి నిలబడితేనే గెలుపు దగ్గరయ్యే ఊరిది, ఆ రెండోసారినే ఇలా చేతులారా పోగొట్టుకోవద్దు.

తార్నాక చౌరస్తా:

బూత్ లెక్క గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. డివిజన్ నుంచి మొదలుపెట్టమనడం వినడానికి బాగుంటుంది. 2020లో ఆ 150 డివిజన్లూ టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2గా పంచుకున్నాయి. ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు. పైగా రిజర్వేషన్లు ఎన్నికల ముందు ఖరారవుతాయి. ఏళ్ల తరబడి పనిచేసిన వార్డు చివరి నిమిషంలో వేరే కోటాకు పోవచ్చు. సగం సీట్లు మహిళలవి కాబట్టి అక్కకు ఆ భయం కొంత తక్కువ, అంతే. పార్టీ లేకుండా ఈ ఊళ్లో డివిజనూ కష్టమే, అసెంబ్లీ మరీ కష్టం.

పార్టీ బయట నుంచి వచ్చి గెలిచినవారంటే 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్. దాని వెనుక పదేళ్లకు పైబడిన ఉద్యమం, ఐఏఎస్ వదిలి వచ్చిన పేరు ఉన్నాయి. రాష్ట్రమంతా పోటీ చేసినా ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్క సీటే. 2023లో కొల్లాపూర్‌లో స్వతంత్రంగా నిలిచిన, సోషల్ మీడియాలో పేరొచ్చిన బర్రెలక్కను రాష్ట్రమంతా చూసింది, అయినా ఓట్లు ఆరు వేల లోపే. అదే ఎన్నికలో యాకుత్‌పురాలో మజ్లిస్ బచావో తెహ్రీక్ (ఎంబీటీ) అభ్యర్థి, మాజీ కార్పొరేటర్ అంజదుల్లా ఖాన్ మజ్లిస్ చేతిలో 878 ఓట్లతో ఓడారు. చిన్న పార్టీ అయినా గల్లీ గల్లీకి మనిషి ఉంటే అంత దగ్గరికి రావచ్చు. ఫోన్లలో వచ్చే పేరుకూ బూత్‌లో కూర్చునే మనిషికీ ఉన్న తేడా ఈ రెండు ఫలితాల్లో కనిపిస్తుంది.

జూబ్లీహిల్స్ కూడా చూడండి. నవీన్ యాదవ్ 2014లో మజ్లిస్ తరఫున రెండో స్థానం, 2018లో స్వతంత్రుడు, 2025 నవంబరు ఉపఎన్నికలో కాంగ్రెస్ టికెట్‌తో గెలుపు. నియోజకవర్గం మారలేదు, పార్టీలు మారాయి.

స్వతంత్రులకు ఇంకో అడ్డంకి గుర్తు. ఉచిత గుర్తుల జాబితా నుంచి మూడు వరసగా రాసి ఇవ్వాలి, ఏది వస్తుందో ఉపసంహరణ గడువు ముగిశాకే తెలుస్తుంది. 2023లో ఆ గడువు నవంబరు 15, పోలింగ్ 30, ప్రచారం 28 సాయంత్రంతో సరి. గుర్తును జనం నోట్లో నానబెట్టడానికి మిగిలింది 13 రోజులు. యంత్రం మీద స్వతంత్రుల పేర్లు పార్టీలన్నిటి తర్వాత వస్తాయి. జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో 58 మంది నిలబడితే ఒక్కో బూత్‌లో నాలుగు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు ‘మూడో మిషన్, పై నుంచి అయిదో మీట’ అని చెప్పుకోవాలి. గుర్తు ఒక్కటే చెబితే పెద్దవాళ్లు మొదటి మిషన్ దగ్గరే వెతుక్కుంటారు. సొంతంగా పార్టీ రిజిస్టర్ చేయించి ఉమ్మడి గుర్తు అడగవచ్చు కానీ, మొత్తం 119 సీట్లలో కనీసం 5 శాతం, అంటే ఆరు చోట్ల నిలబెట్టాలి.

టికెట్ కోసమైతే 2028 దసరా దాకా ఆగొద్దు. 2023లో బీఆర్‌ఎస్ ఆగస్టు 21నే 115 పేర్లు ప్రకటించింది. కాంగ్రెస్ అదే నెలలో దరఖాస్తులు తీసుకుంది, రుసుము 50,000, ఎస్సీ ఎస్టీలకు 25,000. పార్టీలు సర్వే చేయిస్తాయి. సర్వే మనిషి అడిగేది ‘ఫలానా పేరు విన్నారా’ అనే. కాబట్టి ఆ ఏడాది మొదటి నుంచే అక్క పేరు నియోజకవర్గమంతా వినబడాలి. పార్టీ అభ్యర్థి అని రాసిచ్చే బీ-ఫారం చేతికొచ్చే దాకా ఏదీ ఖాయం కాదు. పటాన్‌చెరులో కాంగ్రెస్ ముందు ప్రకటించిన పేరును నామినేషన్ల చివరి దశలో మార్చేసింది. పార్టీ టికెట్ మీద నమ్మకం పెట్టుకున్నా, స్వతంత్ర సెట్ ఒకటి పదిమంది ప్రతిపాదకులతో సిద్ధంగా ఉంచుకోండి.

బూత్ లెక్క:

పార్టీ లేనిదే కష్టమన్న మాట ఒప్పుకుంటాను. అయితే పార్టీ దగ్గరికి ఉత్త చేతులతో పోతే గుంపులో గోవిందయ్యే. బూత్ బూత్‌కూ మనిషి పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టిక పట్టుకుపోతే మాట వింటారు. అందుకైనా డివిజన్ స్థాయి పని తప్పదు, కార్పొరేటర్‌గా నిలబడినా నిలబడకపోయినా.

పోలింగ్ రోజు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జూబ్లీహిల్స్‌లో నాలుగు లక్షల మందికి నాలుగు వందల పైచిలుకు బూత్‌లు. మీకు ఉప్పల్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటాయి. లోపల ఒక ఏజెంటు, మార్చడానికి ఇంకొకరు అనుకున్నా వెయ్యి మంది దాకా కావాలి, అందరికీ ఏజెంటు నియామక పత్రం, ఫారం 10, ముందే సంతకం చేసి ఉండాలి. పోలింగ్‌కు ముందు యంత్రాన్ని సరిచూసే నమూనా పోలింగ్ (మాక్ పోల్) వేళకు మీ ఏజెంటు రాకపోతే, అతను లేకుండానే అది జరిగిపోతుంది. సాయంత్రం మూసేటప్పుడు ఫారం 17సి నకలు తీసుకోకుండా ఎవరూ లేచి రాకూడదు. అందులో మొత్తం ఓట్లు, కంట్రోల్ యూనిట్ నంబరు ఉంటాయి. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర దాన్ని పెట్టి సరిచూసుకోవాలి. ఏజెంట్లు సాయంత్రం నాలుగింటికే జారుకోవడం కొత్త అభ్యర్థులకు మామూలుగా ఎదురయ్యే దెబ్బ. భోజనం వేళకు చేరకపోతే ఎవరైనా ఎంతసేపు కూర్చుంటారు? పది బూత్‌లకు ఒక మనిషి, ఒక బండి పెట్టి, మధ్యాహ్నం ఒంటి గంటకల్లా అన్నం చేరేలా చూడండి. ఆ ఖర్చు కూడా తెల్ల కాగితం మీద రాయాలి.

డిపాజిట్ లెక్క కూడా మనసులో పెట్టుకోండి. రెండున్నర లక్షల ఓట్లు చెల్లితే ఆరో వంతు 41,666. అంతకు మించితేనే డిపాజిట్ దక్కుతుంది, నోటా ఓట్లు ఇందులో లెక్కకు రావు.

నల్లచెరువు కట్ట:

కళ్లు తెరిపించారు. ఈ నెలలో మేం చేయాల్సిన మొదటి పని ఒక్కటి చెప్పమంటే?

బూత్ లెక్క:

మీరు ఇప్పటికే తెలిసిన కాలనీల జోలికి పోకండి. పేరు వినని చోట, చర్లపల్లి వైపో మల్లాపూర్ వైపో, ఒక్క బూత్ ఎంచుకోండి. జాబితా ప్రింటు తీయండి, ఇద్దరిద్దరుగా సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం పొద్దున తిరగండి. పగటి పూట పోతే తాళాలే కనిపిస్తాయి. ఒక్క బూత్ పూర్తి చేయడానికి ఎంతమంది, ఎన్ని గంటలు పట్టిందో రాసుకుని మొత్తం బూత్‌లతో హెచ్చవేయండి. మీ దగ్గరున్న మనుషులు 2028కి సరిపోతారా లేదా అన్నది ఆ అంకెతో తేలుతుంది.

ఫారం ఇరవై ఆరు:

దాంతోపాటే అక్క పేర ఒక ఫైల్ తెరవండి. ఆదాయపన్ను పత్రాలు, ఆస్తుల కాగితాలు, రెండు ఎఫ్‌ఐఆర్ నకళ్లు, ఓటరు జాబితా పేజీ. ఎఫ్‌ఐఆర్ నకలు కోసం స్టేషన్‌కు రేపే దరఖాస్తు పెట్టండి.

తార్నాక చౌరస్తా:

నియోజకవర్గాల పునర్విభజన మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చాకే అసెంబ్లీ సీట్ల హద్దులు మారాలని రాజ్యాంగం చెబుతోంది. మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 106వ సవరణ కూడా ఆ పునర్విభజనకే ముడిపడి ఉంది. హద్దులు ఎప్పుడు మారినా ముసాయిదా మీద అభ్యంతరాలు అడుగుతారు. అప్పుడు కాలనీల పేర్లు, బూత్ నంబర్లతో రాసిన అర్జీ ఇవ్వాలంటే పైన చెప్పిన బూత్ పట్టికే మీకు ఆధారం.